సర్వరు కాలిపోయాక మా ఇంట్లో రెండో షూటింగు

ఆ సాయంత్రం వచ్చిన గాలివాన మాకు కొత్త కాదు. వేసవి ముదిరాక కలకత్తాలో ఉన్నట్టుండి ఆకాశం నల్లబడుతుంది, దుమ్ము లేస్తుంది, కిటికీ రెక్కలు దబదబా కొట్టుకుంటాయి. ఇక్కడివాళ్లు దాన్ని కాల్‌బైశాఖి అంటారు. పగలంతా ఉక్కపోతకి ఉడికిపోయి ఉంటాం కనక అది వచ్చిందంటే సంబరపడతాం కూడా. అమ్మ ఆరేసిన బట్టల కోసం డాబా మీదికి పరుగెత్తింది. నాన్న కిటికీలు మూస్తున్నాడు. నేను వరండా గుమ్మంలో నిలబడి మొదటి చినుకుల కోసం చెయ్యి చాచాను. సరిగ్గా అప్పుడే మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు మీద పిడుగు పడింది.

ఇల్లంతా ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయింది. డాబా మెట్ల కింది గూట్లోంచి టప్పుమని శబ్దం, ఆ వెనకే కాలిన ప్లాస్టిక్ వాసన.

"ఏటే అది? ఫ్రిజ్జేనా?" అని అమ్మ డాబా మీంచి కేకేసింది.

ఫ్రిజ్జు కాదు. మెట్ల కింద ఉన్నది నా సర్వరు.

సర్వరు అంటే పెద్ద గదీ, చల్లటి ఏసీలూ ఊహించుకోనక్కర్లేదు. ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత కంప్యూటరు. కలకత్తా చాందినీ చౌక్ బజారులో కొని తెచ్చి, విండోస్ బదులు లినక్స్ ఎక్కించి, డిస్కులు తగిలించి, బియ్యం డబ్బా పక్కన పెట్టాను. దానికి తెరా లేదు, కీబోర్డూ లేదు. రోజంతా సన్నగా గుర్రుమంటూ పడి ఉండేది. మా ఇంట్లో అందరి ఫోన్లలోని ఫొటోలు వాటంతటవే వచ్చి దాన్లో చేరేవి. ఫోన్లు నిండిపోగానే తుడిచేసి మళ్లీ నింపుకునేవాళ్లం.

మేముండేది గంగకి ఇవతల హౌరా వైపు, సంత్రాగాఛిలో, రైల్వే యార్డుకి దగ్గర్లో ఒక ఇంటి పై వాటాలో. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత ఆ యార్డులో పనికి వచ్చాడు. నాన్న గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. నేను నది అవతల న్యూ టౌన్‌లో ఒక సాఫ్ట్‌వేరు ఆఫీసులో పనిచేస్తాను. అక్క పెళ్లి చేసుకుని ఆ న్యూ టౌన్‌లోనే ఉంటోంది. అసలు ఆ సర్వరుకి ఇంట్లో ఇంత విలువ రావడానికి కారణం అక్కే.

పెళ్లయిన కొత్తలో అక్క పొద్దున్నే ఫోను చేసి, ఉల్లికారం ఎలా చెయ్యాలి, మెంతికాయలో ఆవపిండి ఎంత వెయ్యాలి అని అడిగేది. చెప్పి చెప్పి విసుగెత్తి, ఒకరోజు అమ్మ ఫోను నా చేతికిచ్చి, "నాను సేత్తాను, నువ్వు తియ్యి. అది ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు సూసుకుంటాది" అంది. అలా మొదలైంది. ఒక్క కూరతో ఆగలేదు. నూరడం, దంచడం, చేప పొలుసు తీయడం, మధ్యలో చిన్నప్పటి కబుర్లు. అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెడతానంటే ఒప్పుకోలేదు. "ఊరందరికీ నా వంటిల్లు సూపించాలేటి?" అంది. అందుకే అవి మా సర్వరులోనే ఉండేవి. అక్క తన ఇంట్లో కూచుని మా మెట్ల కింది పెట్టెలోంచి నేరుగా చూసుకునేది.

కరెంటు వచ్చాక పెట్టె విప్పి చూశాను. లోపల కరెంటు అందించే భాగం నల్లగా మాడిపోయింది. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని డిస్కులన్నిటిలోనూ అదే సమాచారం పెట్టాను. కానీ అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే, ఆ ఒక్క ప్లగ్గుకే ఉన్నాయి. అన్నీ కలిసే పోయాయి. డేటా వెనక్కి తీసిచ్చే షాపుకి పట్టుకెళితే, అతను ఒక్కొక్కటీ చూసి అన్నిటినీ నా వైపు జరిపేశాడు. "దీదీ, ఏమీ మిగల్లేదు" అన్నాడు, హిందీలో, చాలా మర్యాదగా.

ఫొటోలు చాలావరకు అక్క ఫోనులోంచీ, నాన్న అటక మీది ఆల్బముల్లోంచీ మళ్లీ కూడబెట్టుకోవచ్చు. అమ్మ వీడియోలు మాత్రం ఇంకెక్కడా లేవు. ఆమెకి ఎలా చెప్పాలా అని లోకల్ ట్రైనులో దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి అమ్మ తోటకూర బాగుచేస్తోంది.

"అమ్మా, నీ వీడియోలు ఇంక రావట."

"ఏ వీడియోలే?"

"అన్నీ."

కాడ తుంచుతున్న చెయ్యి ఆగింది. "ఉల్లికారానిదీ?"

"అదీ."

"ఆ సిరిగిపోయిన నైటీ ఏసుకుని, జుట్టు రేగిపోయి మెంతికాయ కలిపినాను సూడు, అది?"

"అదీ పోయిందమ్మా."

అమ్మ ముఖం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని పక్కకి వెళ్లి చూస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"బతికిపోయాన్లే. మీ అక్క దాన్ని ఆళ్ల అత్తగారికి సూపించీసిందంట. అప్పట్నుంచీ దాన్ని ఎలా తీయించీడమా అని సూత్తన్నాను. పిడుగే తీసీసింది." నవ్వు ఆపుకుని, తోటకూర గిన్నె పక్కన పెట్టింది. "మళ్లీ తీద్దాం. ఈపాలి నాను సెప్పినట్టు తియ్యాల."

లేవబోతూ ఆగి, "పనసపొట్టు కూరదీ పోనాదేటి?" అని అడిగింది.

అవునన్నాను. దానికి మాత్రం నవ్వలేదు. ఆ వీడియోలో మా నాన్నమ్మ గొంతు ఉంది. నాన్నమ్మ పోయిన చలికాలంలో చనిపోయింది. ఆ వీడియో తీసేటప్పుడు ముందుగదిలో మంచం మీంచి లేవకుండానే వంటింట్లోకి హుకుములు జారీ చేసింది. "పోన్లే" అంది అమ్మ, తోటకూర కడగడానికి వెళుతూ.

అమ్మ సంతోషం చూశాక నా సంతోషం నేను దాచుకోవాల్సిన పని లేకపోయింది. నిజానికి పాత సర్వరుతో నాకు ఎప్పటినుంచో విసుగు. ఏది ఎక్కడ పెట్టానో నాకే తెలిసేది కాదు. ఒకదాన్ని కదిపితే ఇంకోటి ఆగిపోయేది. సున్నం వేయించేముందు సామానంతా బయట పెట్టేసిన ఇల్లు ఎలా ఉంటుందో, ఖాళీ డిస్కు తలుచుకుంటే నాకు అలా ఉంది. ఈసారి ప్రతిదీ దాని చోట పెడతాను. మనసులో గదులు కట్టుకుంటూ రెండు రోజులు ఆఫీసు మీటింగుల్లో ఊ కొట్టాను.

కొనడానికి నాన్న కూడా వస్తానన్నాడు. హౌరా దాకా లోకల్, అక్కణ్నుంచి నది కిందుగా వెళ్లే మెట్రో. సొరంగం గోడల మీద నీలం దీపాలు కనపడగానే, "ఇప్పుడు గంగ కింద ఉన్నాం" అని పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పాడు. బండి ఆగిన తీరు చూసి, "బ్రేకు మెత్తగా ఏసినాడు" అని మెచ్చుకున్నాడు. చాందినీ చౌక్‌లో కొబ్బరికాయ ఎంచినట్టు ఒక్కొక్క డిస్కునీ తిప్పి తిప్పి చూశాడు. ఏది మంచిదో ఆయనకీ తెలియదు, తెలియదనీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు మెట్రో వద్దని పట్టుబట్టి లాంచీ ఎక్కించాడు. గాలికి ఎగిరిపోతాయన్నట్టు డిస్కుల సంచీని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను రేకు గ్లాసంత చిన్న కంప్యూటరు పెట్టెని పట్టుకుని, నది మధ్యలో కారణం లేకుండా నవ్వుతూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల మీద అన్నీ పరిచాను. పాత టీవీని తెరగా పెట్టుకున్నాను. లినక్స్ ఎక్కడం అయిపోయి కంప్యూటరు మొదటిసారి లేస్తున్నప్పుడు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరస వరసగా పరుగెత్తాయి. ఒక్కొక్క పనీ సరిగ్గా మొదలైనప్పుడల్లా పక్కన పచ్చ రంగులో ఓకే అని పడుతుంది. టీ తాగుతున్న నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఇది బాగున్నాదే. అన్నీ పచ్చలే. లైను క్లియరు."

అంతలో ఒక ఎరుపు పడింది.

"ఆపు, ఆపు. ఎరుపు సూసి బండి తోలీకూడదు."

"దానంతటది వెళుతుంది నాన్నా, నేను ఆపలేను."

"అలాటి బండి ఏం బండే" అని నిజంగానే కంగారుపడ్డాడు. చూస్తే, పెద్ద డిస్కు పేరు రాసేచోట నేను ఒక అక్షరం తప్పు కొట్టాను. అది దిద్ది మళ్లీ లేపాను. ఈసారి మొదటినుంచి చివరిదాకా పచ్చ. నేను కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ గంతులేశాను. నాన్న ఖాళీ కప్పు పట్టుకుని నా వెనక ఒక చుట్టు తిరిగాడు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసి, "ఇద్దరికీ ఏటైంది" అంది. తర్వాత తనూ వచ్చి కూచుంది.

"నాకొకటి సెప్పు. పాతదాంట్లో నా కూరలకి ఏటేటో అంకెలు ఏసినావు. ఏదేటో నాకు తెలిసీదా? ఇందులో కూరల పేర్లే ఉండాల. తెలుగులో."

తెలుగులో పెట్టడానికి లినక్స్‌కి అభ్యంతరం లేదు. ఇబ్బంది నాకే వచ్చింది. నేను బెంగాలీ అక్షరాలు చదివినంత వేగంగా తెలుగు చదవలేను. ఇంట్లో నాన్న నేర్పినంతే. ఉల్లికారానికి ఒక ల తక్కువ వేశాను. పులుసుకి కొమ్ములన్నీ ఒకే అక్షరానికి తగిలించాను. అమ్మ నా వెనక నిలబడి, అట్లకాడతో టీవీ మీద చూపిస్తూ దిద్దించింది. ఆ మధ్యాహ్నానికి మా సర్వరులో లోపల ఏమీ లేకుండా, పైన పేర్లతో బోలెడన్ని గదులు, అంటే ఫోల్డర్లు, తయారయ్యాయి. ఉల్లికారం, మెంతికాయ, దప్పళం, నువ్వుపొడి, చేపల పులుసు, పనసపొట్టు కూర. అన్నీ ఖాళీ. వాటిని చూస్తుంటే నాకే ఆకలేసింది.

షూటింగు ఆ మర్నాటినుంచే. నాన్న తెరలో చూసిన రంగులు మర్చిపోలేదు. వీడియో తీసే పని తనే తీసుకుని, అమ్మ కుట్టించుకోకుండా దాచుకున్న పచ్చ రవిక గుడ్డ ఒకటీ, ఎర్ర తువ్వాలు ఒకటీ సంపాదించాడు. పచ్చ ఊపితే అమ్మ మొదలుపెట్టాలి. ఎర్రది ఎత్తితే ఆపాలి. అమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసింది. పట్టుచీరలో ఎవరు ఉల్లిపాయలు నూరుతారని అడిగితే, "మీ అక్కాళ్ల అత్తగారు సూత్తాది కదా" అంది.

మొదటి రోజు ఉల్లికారం సగంలో ఉండగా పక్కింటి మాషిమా వచ్చింది. మాషిమా అంటే బెంగాలీలో పిన్ని. నా చిన్నప్పటినుంచీ అలాగే పిలుస్తాను. ఆవిడకీ అమ్మకీ మధ్య బెంగాలీ, హిందీ, తెలుగు కలిసిన భాష ఒకటి ఉంది. అది వాళ్లిద్దరికే అర్థమవుతుంది. నాన్న చేతిలో పచ్చ గుడ్డ, అమ్మ ఒంటి మీద పట్టుచీర చూసి, ఇంట్లో పూజ ఏమిటని అడిగింది. విషయం తెలిశాక స్టూలు లాక్కుని కూచుని, ఇంక రోజూ రావడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వితే చిత్రీకరణ ఆగిపోయేది. అమ్మ ఆవగింజలు వేయబోతూ కెమెరాకేసి చూసి, "ఇప్పుడు..." అని గంభీరంగా ఆగేది. ఆ ఆగడం చూసి మాషిమాకి నవ్వొచ్చేది. నాన్న ఎర్ర తువ్వాలు ఎత్తేవాడు. అప్పటికే పోపు మాడిపోయేది. రెండుసార్లు మాడిన ఉల్లికారం తిన్నాం.

పనసపొట్టు కూరని మాత్రం అమ్మ వాయిదా వేస్తూ వచ్చింది. ఆఖరికి నాన్నే, "కాయలు ముదిరిపోతన్నాయి, ఇంక దొరకవు" అన్నాడు. ఆ మాట విని మాషిమా బజారునుంచి లేత పనసకాయ పట్టుకొచ్చింది.

నాన్న పచ్చ గుడ్డ ఊపాడు. అమ్మ చేతికి నూనె రాసుకుని కొట్టడం మొదలుపెట్టింది. పొట్టు ఉడికించి పిండింది, పోపు పెట్టింది. అంతా బాగానే సాగుతోంది. ఉప్పు డబ్బా తీశాక మాత్రం చెయ్యి ఆగిపోయింది. మాకు అర్థమైంది. పాత వీడియోలో సరిగ్గా అక్కడే ముందుగదిలోంచి నాన్నమ్మ గొంతు వచ్చేది. ఇప్పుడు ముందుగదిలో ఖాళీ మంచం ఒక్కటే ఉంది.

అమ్మ ఉన్నట్టుండి మెడ ముందుకి వంచి, దవడ కాస్త పక్కకి లాగి, నాన్నమ్మ గొంతుతో అరిచింది. "ఏటే, ఉప్పేసినావేటి? మొన్నలాగ రెండుసార్లు ఏసీకు."

వెంటనే తన గొంతుతో జవాబిచ్చింది. "లేదత్తా, ఒక్కసారే."

"సేతితో ఏసినావా, సెంచాతో ఏసినావా?"

"సేతితోనే అత్తా."

"సెంచాతో ఏసినదానికి రుసేటుంటాది."

అచ్చం అదే గొంతు. అంత బాగా చేస్తుందని మాకెవరికీ తెలియదు. నాన్న చేతిలో ఫోను ఊగిపోతోంది. ఆయన మాట బయటికి రాకుండా నవ్వుతున్నాడు, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి అందిన గుడ్డ ఎత్తాడు. అది ఎర్ర తువ్వాలు.

"ఎర్రది ఎత్తినావేటి, ఆపీమంటావా?" అంది అమ్మ.

"నువ్వు కానీ" అని తువ్వాల్లోంచే అన్నాడు నాన్న. "ఇంకా ఏటంటాది మా అమ్మ?"

మాషిమా స్టూలు మీంచి దిగి, గోడకి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నాకు ఏడుపూ నవ్వూ ఏది ముందొస్తోందో తెలియలేదు. అమ్మ ఆపలేదు. కూర దించేదాకా అత్తా కోడలూ తనే అయింది. చివర్లో ఆవ కలుపుతూ నాన్నమ్మ గొంతుతో, "సరే, నాకేటీ తెలీదు, మీరే పెద్దాళ్లయిపోనారు" అని అలిగింది కూడా. ఆ వీడియో సగం ఊగుతూ, సగం పైకప్పు చూపిస్తూ ఉంటుంది. మళ్లీ తీద్దామా అని నేను అడగలేదు.

సర్వరు పనిలో ఒకటి మిగిలింది. ఈసారి ఒక కాపీ ఈ ఇంట్లో ఉండకూడదు. ఇక్కడ మళ్లీ పిడుగు పడినా అది క్షేమంగా ఉండాలంటే నది అవతల ఉండాలి. అంతా ఇంకో డిస్కులోకి ఎక్కించి, మెత్తటి గుడ్డలో చుట్టి, స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి, ఆఫీసుకి వెళ్లే రోజు న్యూ టౌన్ బస్సెక్కాను. సాయంత్రం అక్కావాళ్ల ఫ్లాటుకి వెళ్లి డబ్బా బావ చేతిలో పెట్టాను. బావది కరీంనగర్ వైపు. డబ్బా అందుకుని వాసన చూశాడు.

"ఏం కూర? మస్తు బరువుందే."

"అన్ని కూరలూ ఉన్నాయి బావా. తీసి చూడు."

మూత తీసి, డిస్కుని రెండు వేళ్లతో పైకెత్తి చూశాడు. "మీ ఇంటోళ్లంత ఇట్లనే ఉంటరా?" అని అక్కని అడిగాడు. అక్క డిస్కు తీసుకెళ్లి బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది. అప్పట్నుంచి అప్పుడప్పుడూ కొత్త కాపీ పట్టుకెళ్లి పాతది తెస్తాను. బావ కోసం రెండో డబ్బాలో నిజం కూర కూడా పట్టుకెళ్లాల్సి వస్తోంది.

వానలు మొదలై ఇలిష్ చేప, అంటే మన పులస, బజారులోకి వచ్చాక, ఒక ఆదివారం అక్కా బావా బీరువాలోని డిస్కు కూడా పట్టుకుని మా ఇంటికొచ్చారు. నింపాల్సిన ఆఖరి గది చేపల పులుసు. అమ్మ ఇలిష్ ముక్కల మీద చింతపండు రసం పొయ్యబోతుంటే మాషిమా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఇలిష్‌లో చింతపండు పోయడం తను ఈ కళ్లతో చూడలేనంది. వేళ్ల సందులోంచి చూసింది. భోజనాల దగ్గర మాత్రం మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకుంది. కంచం తుడిచినట్టు తిని, వచ్చేవారం ఆవ పెట్టిన ఇలిష్ తను వండి చూపిస్తాననీ, తనకీ ఒక గది కావాలనీ అంది. అక్కడికక్కడే బెంగాలీ అక్షరాలతో ఆవిడకొక గది పెట్టాను. అందులో నేను ఒక్క తప్పు కూడా రాయలేదని అమ్మ చిన్నబుచ్చుకుంది.

అందరం తిని కూచున్నాక, అమ్మ ఉన్నట్టుండి అడిగింది. "అయితే మళ్లీ పోతే నిజంగా వత్తాదేటి? ఏదీ, ఒకటి పోగొట్టి సూపించు."

ఆ మాట అడగాల్సింది నేను. వెనక్కి తెచ్చి చూడని కాపీ, కాపీ కింద లెక్క కాదని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. "ఏది పోగొట్టమంటావ్?" అన్నాను.

"ఉల్లికారం. పట్టుసీరది."

"అత్తమ్మా, ఆలోచించుకో" అన్నాడు బావ.

టీవీ ముందు అందరం గుమిగూడాం. నాన్న ఎందుకైనా మంచిదని ఎర్ర తువ్వాలు తెచ్చి భుజాన వేసుకున్నాడు. నేను ఉల్లికారం గదిని తుడిచేసే ఆజ్ఞ కొట్టాను. అమ్మని చూశాను. ఆమె తలాడించింది. ఎంటర్ నొక్కాను. వరసలోంచి ఉల్లికారం మాయమైంది. మెంతికాయ ఒక మెట్టు పైకి జరిగింది. అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది. మాషిమా దేవుడికి దండం పెట్టింది. నేను తీగలన్నీ గట్టిగా దిగి ఉన్నాయో లేదో తడిమి చూశాను. అన్నీ సరిగ్గా చేశానని తెలిసి కూడా.

అక్క తెచ్చిన డిస్కు తగిలించి, దాన్లోంచి వెనక్కి తెమ్మని రాశాను. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. ఆగాయి. వరసలో మళ్లీ ఉల్లికారం వచ్చి కూచుంది, ల లోపం లేకుండా. తెరిస్తే అమ్మ పట్టుచీరలో కెమెరాకేసి చూసి, "ఇప్పుడు..." అంది.

మా గదిలో ఎవరు ఏం అరిచారో చెప్పలేను. బావ నాన్నని ఎత్తబోయాడు, నాన్న ఒద్దన్నాడు. మాషిమా అమ్మని పట్టుకుని గుండ్రంగా తిప్పింది. కిందింటివాళ్లు ఏమైందని మెట్లెక్కి వచ్చారు.

అమ్మ కొంగు సర్దుకుని మళ్లీ కుర్చీలో కూచుంది. "బాగున్నాది. ఇంకోటి పోగొట్టు."

మెంతికాయ పోగొట్టాను, తెచ్చాను. దప్పళం పోగొట్టాను, తెచ్చాను. తెచ్చిన ప్రతిసారీ చప్పట్లు కొట్టారు. పైకొచ్చిన కిందింటివాళ్లు దేనికని అడక్కుండానే తామూ కొట్టారు. నాన్న తనకొకసారి ఎంటర్ నొక్కే అవకాశం ఇమ్మన్నాడు. తువ్వాలు పక్కన పెట్టి, పచ్చ గుడ్డ చేతిలోకి తీసుకుని, ఒక్క వేలుతో గట్టిగా నొక్కాడు.